ఇంటి బయట రంగులు కుదరట్లేదా? సైడింగ్, ట్రిమ్, స్టోన్: సమస్యలు - పరిష్కారాలు

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కట్టించుకునే మనవాళ్లలో చాలామంది బిల్డర్ డిజైన్ సెంటర్‌లో ముందు సైడింగ్ (గోడలకి బయటివైపు తొడిగే పలకలు) రంగు తేల్చేసి, ఆ తర్వాత స్టోన్ దగ్గరికి వస్తారు. ఇది తలకిందుల పద్ధతి. పెయింట్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. గోడకి అతికించిన రాయి, కప్పు మీది షింగిల్స్ ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. అందుకని ముందు ఆ రెండూ, తర్వాత వాటికి నప్పే సైడింగ్, ఆఖర్న ట్రిమ్ (కిటికీలు, తలుపులు, మూలల చుట్టూ ఉండే అంచు పట్టీలు). ఈ వరస తప్పడం వల్లే సగం ఇబ్బందులు వస్తాయి.

గ్రే అనుకుని వేయిస్తే గోడ నీలం కొడుతోంది

కారణం: చాలా గ్రే రంగుల్లో అడుగున నీలమో, ఆకుపచ్చో, ఊదానో కొద్దిగా ఉంటుంది. అరచేతిలో పట్టే చిప్ (రంగు నమూనా ముక్క) మీద అది తెలియదు. గోడంతా పరుచుకున్నాక బయటపడుతుంది. పైగా నీడలో ఉన్న గోడ మీద పడేది ఆకాశం నుంచి వచ్చే నీలి ఛాయ వెలుగు. మనవాళ్లు ఏరికోరి కొనుక్కునే తూర్పు ముఖం ఇళ్లలో ఈ తేడా బాగా తెలుస్తుంది. పొద్దున ఎండలో ముందు గోడ వెచ్చగా, పసుపు కలిసినట్టు ఉంటుంది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి కారు ఆపేసరికి అదే గోడ నీడలో నీలంగా, నిర్జీవంగా కనిపిస్తుంది. ఉత్తరం గోడకైతే రోజులో ఎక్కువసేపు ఇదే పరిస్థితి.

పరిష్కారం: రెండడుగుల బోర్డు మీద రెండు కోట్లు వేసి, స్టోన్ పక్కనే నిలబెట్టండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం చూడండి. షాపు లైట్ల కింద చూసి ఖాయం చేయకండి. నీలం కొడుతుంటే బీజ్ కలిసిన గ్రేకి మారండి. నేరుగా ఎండ పడే గోడ మీద ఏ రంగైనా చిప్ కంటే లేతగా కనిపిస్తుంది కాబట్టి ఒక మెట్టు ముదురుది కూడా పక్కన పెట్టి చూడటం మంచిది.

ట్రిమ్‌కి కొత్త తెలుపు వేశాక స్టోన్ మురికిగా కనిపిస్తోంది

కారణం: టెక్సస్ లైమ్‌స్టోన్‌ది (సున్నపురాయి) చాలావరకు మీగడ రంగు. దాని పక్కన తళతళలాడే తెలుపు పెడితే రాయి పసుపెక్కినట్టు ఉంటుంది. రాయికి ఏమీ కాలేదు. దయచేసి యాసిడ్‌తో కడిగించకండి, యాసిడ్ లైమ్‌స్టోన్‌ని తినేస్తుంది.

పరిష్కారం: ట్రిమ్ మాత్రమే మీగడ తెలుపుకి మార్చండి. షెర్విన్ విలియమ్స్ కంపెనీ అలబాస్టర్ రంగు ఆ కోవదే. దాని ఎల్‌ఆర్‌వీ 82. ఎల్‌ఆర్‌వీ అంటే రంగు ఎంత వెలుగుని తిప్పికొడుతుందో చెప్పే అంకె. నలుపు 0 వైపు, తెలుపు 100 వైపు ఉంటాయి.

షోరూమ్‌లో చూసిన స్టోన్, గోడ మీద వేరేలా ఉంది

సాధారణంగా కారణం మోర్టార్, అంటే రాళ్ల సందుల్లో నింపే సిమెంటు మిశ్రమం. అదే రాయి మధ్య ముదురు గ్రే మోర్టార్ నింపితే ప్రతి రాయీ విడివిడిగా గీత గీసినట్టు కనిపిస్తుంది. లేత రంగు నింపితే గోడంతా ఒకటిగా కలిసిపోతుంది. పని మొదలుపెట్టక ముందే మేస్త్రీతో చిన్న ప్యానెల్ కట్టించి, పూర్తిగా ఆరాక చూడండి. తడి మీద మోర్టార్ ముదురుగా ఉంటుంది. పని అయిపోయి ఉంటే మోర్టార్‌కి మాత్రమే స్టెయిన్ వేయించవచ్చు.

వినైల్ (ప్లాస్టిక్ రకం) సైడింగ్ వంకర్లు పోతోంది

లేత వినైల్ మీద ముదురు పెయింట్ వేశారా? ముదురు రంగు ఎండ వేడిని ఎక్కువ పీల్చుకుంటుంది. వినైల్ సుమారు 160 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. వంగిన పలకలు మళ్లీ తిన్నగా కావు, మార్చాల్సిందే. ఈసారి వినైల్ కోసమే తయారుచేసిన రంగుల్లోంచి ఎంచుకోండి. రంగు మార్చకుండానే ఒక్కచోటే వంగితే పెయింట్‌ని అనుమానించకండి. పక్కింటి లో-ఈ (వేడిని తిప్పికొట్టే పూత ఉన్న) కిటికీ అద్దం నుంచి ఎండ తిరిగొచ్చి అక్కడే పడుతోందేమో గమనించండి. ఆ కిటికీకి బయటివైపు స్క్రీన్ పెట్టిస్తే తగ్గుతుంది.

ఇల్లు ముక్కలు ముక్కలుగా కనిపిస్తోంది

గరాజ్ తలుపుని, నీళ్ల గొట్టాలని సైడింగ్ రంగులో కలిపేయండి. గట్టర్లకి ట్రిమ్ రంగు. వేరే రంగు ముచ్చట వీధి తలుపుకి మాత్రమే ఉంచుకోండి.

హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోలేదు

రంగు పేరు, కోడ్ మాత్రమే పంపితే తిప్పి పంపే అవకాశం ఎక్కువ. స్టోన్ పక్కన నిలబెట్టిన ఆ బోర్డు ఫొటో, కప్పు ఫొటో కూడా జతచేయండి. అనుమతి రాతపూర్వకంగా చేతికొచ్చాకే పెయింటర్‌కి అడ్వాన్స్ ఇవ్వండి.