ఇసుక పోసిన బీచ్ ఎలా మారుతోందో ఎత్తుల మ్యాపులతో కనిపెట్టడం

కోతకు గురైన బీచ్‌లో కొత్త ఇసుక పోశాక కొన్నాళ్లకే ఒడ్డు వెడల్పు తగ్గినట్టు కనిపిస్తుంది, అది చూసి పోసిందంతా సముద్రం పాలైందని జనం తేల్చేస్తారు. చాలాసార్లు అది తొందరపాటే. యంత్రాలు పరిచిన వాలు అలలకు సరిపడదు, అవి కొంత ఇసుకను నీళ్ల కిందికి జార్చి తమకు తగ్గ వాలు చేసుకుంటాయి. జారిన ఆ ఇసుక పోయినట్టు కాదు. ఫోటోలు చూసి ఈ తేడా చెప్పలేం, ఎత్తులు కొలవాల్సిందే.

ఇసుక పోయకముందు ఒక ఎత్తుల మ్యాపు (బీచ్‌లో ప్రతి చోటా నేల ఎంత ఎత్తులో ఉందో చూపేది), పోయడం అయిన వెంటనే ఇంకొకటి తప్పనిసరి. ఆ రోజు దాటితే ఆ ఎత్తులు మళ్లీ దొరకవు. తర్వాత ఏటా అదే కాలంలో కొలవండి, ఎందుకంటే అలలు ఉధృతంగా ఉండే నెలల్లో కోసుకుపోయిన బీచ్ నెమ్మదైన నెలల్లో మళ్లీ పేరుకుంటుంది, ఒక కాలాన్ని ఇంకో కాలంతో పోలిస్తే లెక్క అర్థం లేకుండా పోతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీళ్లు బాగా వెనక్కి పోతాయి, ఆ ఆటు సమయం చూసుకుని దిగితే ఎక్కువ ఇసుక బయట దొరుకుతుంది.

డ్రోన్‌తో అయితే ఫోటోలు ఒకదానిమీద ఒకటి 75-80 శాతం కలిసేలా తీయండి. నేలమీద గుర్తు పలకలు పెట్టి, వాటి ఎత్తును ఆర్‌టీకే జీపీఎస్‌తో (సెంటీమీటర్ల దాకా కచ్చితంగా కొలిచే జీపీఎస్) కొలవాలి. బీచ్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది కదా, పలకలన్నీ ఒకే వరసలో పెడితే సాఫ్ట్‌వేర్ ఆ ఫోటోల నుంచి తయారుచేసే నేల మోడల్ వంగిపోయే ప్రమాదం ఉంది, అందుకే నీటి వైపు, ఒడ్డు వైపు రెండు చోట్లా పెట్టండి. కొన్ని పలకలను సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకుండా దాచుకోండి, వాటి ఎత్తును మ్యాపులోని ఎత్తుతో పోలిస్తే మ్యాపు ఎంత నమ్మదగిందో చివర్లో అవే చెబుతాయి. తడిసి మెరిసే ఇసుక మీద, నీళ్ల మీద వచ్చిన ఎత్తులను మాత్రం నమ్మకండి, కత్తిరించేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎత్తును ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్న దగ్గర. జీపీఎస్ నేరుగా ఇచ్చే ఎత్తుకూ సముద్రమట్టం నుంచి కొలిచే ఎత్తుకూ కొన్నిచోట్ల పదుల మీటర్ల తేడా ఉంటుంది. ప్రతిసారీ అదే బెంచ్‌మార్క్ (ఎత్తు ముందే తెలిసిన స్థిరమైన గుర్తు), అదే జియోయిడ్ మోడల్ (జీపీఎస్ ఎత్తును సముద్రమట్టం నుంచి ఎత్తుగా మార్చే లెక్క) వాడాలి.

ఇక కొత్త మ్యాపులోంచి పాతది తీసేయండి, క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో ఉన్న రాస్టర్ కాలిక్యులేటర్ (మ్యాపుల మధ్య కూడికలు, తీసివేతలు చేసే సాధనం) చాలు. ఎత్తు తగ్గిన, పెరిగిన చోట్లను చూపే ఎరుపు, నీలం రంగులు చూసి వెంటనే నిర్ణయానికి రావద్దు. రెండు మ్యాపుల్లోనూ చెరో 5 సెం.మీ. పొరపాటు ఉంటే తేడాలో అది సుమారు 7 సెం.మీ. అవుతుంది, 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఒక చోట 14 సెం.మీ. దాటిన మార్పునే మార్పు అనాలి. అక్కడక్కడా వచ్చే చిన్న పొరపాట్లు పెద్ద విస్తీర్ణంలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కానీ మ్యాపు మొత్తం ఒకే వైపు జరిగితే మాత్రం కొట్టేసుకోవు: 20 హెక్టార్ల మీద 5 సెం.మీ. జరిగితే లేని 10,000 ఘనమీటర్ల ఇసుక లెక్కలోకి వచ్చేస్తుంది, లేదా ఉన్నది లెక్కలోంచి మాయమవుతుంది. అందుకే పక్కనున్న కాంక్రీటు రోడ్డునో పార్కింగ్ స్థలాన్నో కూడా మ్యాపులో కలపండి. అక్కడ తేడా సున్నాకి దగ్గరగా రాకపోతే ముందు దాన్ని సరిచేయాలి, ఘనపరిమాణం సంగతి ఆ తర్వాతే.

డ్రోన్‌కి కనపడని సగం నీళ్ల కింద ఉంది. తీరానికి అడ్డంగా కొన్ని గీతలు నిర్ణయించుకుని, ఆటు సమయంలో జీపీఎస్ పట్టుకుని నడవగలిగినంత లోపలికి నడవండి, పోటు సమయంలో ఎకో సౌండర్ (శబ్ద తరంగాలతో నీటి లోతు కొలిచే పరికరం) ఉన్న పడవను అవే గీతల మీద వీలైనంత ఒడ్డు దాకా తీసుకురండి, అప్పుడు రెండు కొలతలూ మధ్యలో కలుస్తాయి. పడవ సముద్రగర్భం పెద్దగా మారని లోతు వరకూ వెళ్లాలి. ఇసుక పోసిన హద్దులు దాటి అటూ ఇటూ కూడా కొలవండి. నెదర్లాండ్స్‌లో 2011లో దాదాపు 2 కోట్ల 15 లక్షల ఘనమీటర్ల ఇసుకతో కట్టిన సాండ్ మోటార్ అనే పెద్ద ఇసుక దిబ్బ ఉద్దేశమే పక్క తీరాలకు ఇసుక పాకడం, ఆ దిబ్బ ఒక్కదాన్నే కొలిస్తే మిగిలేది నష్టం లెక్కే.

తుఫాను వచ్చి వెళ్లాక వీలైనంత త్వరగా ఒకసారి, కొన్ని నెలలాగి ఇంకోసారి కొలవండి. మొదటిది ఎంత కోసుకుపోయిందో చూపిస్తుంది, అందులో ఎంత తిరిగొచ్చిందో తెలిసేది రెండోదానితోనే.