పాత కారుకు తగిన ఇంజను ఆయిల్‌ను ఎలా ఎంచుకోవాలి?

చెన్నైలో పద్మిని, అంబాసిడర్, ఒకప్పుడు ఈ ఊళ్ళోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లను ఇంకా ప్రేమగా కాపాడుకుంటున్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ కార్ల యజమానులు జనరల్ పేటర్స్ రోడ్డులో ఏదో ఒక దుకాణానికి వెళ్ళి “మంచి ఆయిల్ ఇవ్వండి” అని అడిగితే, తరచుగా చేతికి వచ్చేది కొత్త కార్ల కోసం తయారైన, ఖరీదైన, పలచని సింథటిక్ (రసాయన ప్రక్రియతో తయారుచేసిన) ఆయిల్. అది నాసిరకం కాదు; కాకపోతే భాగాల మధ్య సందు చాలా తక్కువగా ఉండే నేటి ఇంజన్లను దృష్టిలో పెట్టుకుని చేసినది. పాత కారుకు ఆయిల్‌ను ఎంచుకునేటప్పుడు ధరను పక్కన పెట్టి, ఇంజను నిర్మాణాన్ని, దాని ప్రస్తుత స్థితిని, మన ఊరి వేడిని చూడాలి.

1. కారులో ఇప్పుడున్న ఇంజను ఏదో తేల్చుకోండి

కారుతో వచ్చిన పుస్తకంలో వాతావరణాన్ని బట్టి ఏ ఆయిల్ వాడాలో చెప్పే పట్టిక సాధారణంగా ఉంటుంది. అందులో వేడి ప్రాంతాల వరుసను చూడండి. అయితే ఆ పుస్తకం ఆ కారులో మొదట ఉన్న ఇంజనుకే వర్తిస్తుంది. అంబాసిడర్లలో పాత 1489 సీసీ ఇంజనుతో పాటు, 1990లలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజను ఉన్నవీ ఉన్నాయి. పద్మినులలో కొన్నింటికి తర్వాతి యజమానులు డీజిల్ ఇంజన్లు బిగించారు. కాబట్టి బానెట్ ఎత్తి, ఇంజను నంబరు చూసి నిర్ధారించుకున్న తర్వాతే పుస్తకాన్ని నమ్మాలి.

2. చిక్కదనాన్ని నిర్ణయించండి

డబ్బా మీద కనిపించే 20డబ్ల్యూ-50 వంటి అంకెలలో మొదటిది చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో, రెండవది ఇంజను వేడెక్కిన తర్వాత ఎంత చిక్కదనం నిలుస్తుందో తెలుపుతాయి. రెండవ అంకెను 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కొలుస్తారు. 20డబ్ల్యూ అనే గుర్తుకు సున్నాకు 15 డిగ్రీల దిగువన పరీక్ష చేస్తారు. ఉష్ణోగ్రత సాధారణంగా 15 డిగ్రీలకు కూడా దిగని చెన్నైలో, 0డబ్ల్యూ లేదా 5డబ్ల్యూ కోసం అదనంగా డబ్బు పెట్టడం వల్ల పాత కారుకు ఒరిగేది చాలా తక్కువ. మనకు ముఖ్యమైనది రెండవ అంకె. మే నెల మధ్యాహ్నం అన్నా సాలైలో సిగ్నల్ తర్వాత సిగ్నల్ దగ్గర ఆగుతూ వెళ్ళే కారులో రేడియేటర్‌కు గాలి సరిగా తగలదు, ఇంజను వేడి పెరుగుతుంది, ఆయిల్ పలచబడుతుంది, బేరింగుల దగ్గర ఒత్తిడి పడిపోతుంది.

అందుకే 1960, 70ల నాటి పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ఇక్కడ 20డబ్ల్యూ-50 సరిపోతుంది. ఈ మధ్యే బోరింగ్ (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను తిరిగి చెక్కడం) చేయించి, బేరింగులు మార్చిన ఇంజనుకు, పుస్తకం అనుమతిస్తే, 20డబ్ల్యూ-40 లేదా 15డబ్ల్యూ-40 కూడా పనికివస్తుంది. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజనుకు, పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ వెనుక చివర రబ్బరు సీలు ఉండదు. షాఫ్ట్ మీద చెక్కిన మరచుట్టు గాడి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. అటువంటి ఇంజనులో పలచని ఆయిల్ పోస్తే కారు నిలిపిన చోట నేల మీద మరకలు పెరుగుతాయి. అలాగని అరిగిన ఇంజను పొగను దాచడానికి మరీ చిక్కని ఆయిల్ పోయడం వైద్యం కాదు. పిస్టన్ రింగులు అరిగితే రింగులే మార్చాలి.

3. జింకు, భాస్వరాల పాళ్ళు చూడండి

చాలామంది పట్టించుకోని విషయం ఇదే. పాత ఇంజన్లలో వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ మీది ఉబ్బు, ఆ కదలికను వాల్వుకు అందించే టాపెట్ అడుగు భాగాన్ని నేరుగా రాపిడి చేస్తూ తిరుగుతుంది. నేటి ఇంజన్లలో చాలావాటిలో ఈ చోట చిన్న రోలర్లు ఉంటాయి కాబట్టి రాపిడి తక్కువ. పాత నిర్మాణంలో లోహం లోహాన్ని తాకే చోట రక్షణ పొరను ఏర్పరిచేది జడ్‌డీడీపీ అనే జింకు, భాస్వరాల సమ్మేళనం. భాస్వరం పొగగొట్టంలో కాలుష్యాన్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుందని తెలిసిన తర్వాత, కొత్త ప్రమాణాలు దాని పరిమితిని తగ్గిస్తూ వచ్చాయి. ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నిర్ణయించిన ఎస్‌ఎం, ఎస్‌ఎన్, ఎస్‌పీ నాణ్యతా తరగతులలో 5డబ్ల్యూ-30 వంటి పలచని ఆయిళ్ళకు అది 0.08 శాతం. 20డబ్ల్యూ-50కి ఆ పైపరిమితి వర్తించదు. అయినా ఏ డబ్బాలో ఎంత ఉందో తయారీదారు సాంకేతిక వివరాల పత్రంలోనే చూడాలి. మన దేశంలో క్యాటలిటిక్ కన్వర్టర్ నిబంధన 1995లో మహానగరాల్లోని కొత్త పెట్రోలు కార్లతో మొదలైంది కనుక, అంతకు ముందరి కార్లకు భాస్వరం గురించి ఆ బెంగ లేదు. భాస్వరం 0.10 నుంచి 0.12 శాతం వరకు ఉన్న ఆయిల్ ఈ టాపెట్లకు మంచిది. విడిగా దొరికే జింకు సీసాలను కొలత లేకుండా కలపకండి. అది మితిమీరితే లోహానికే చేటు.

4. మినరల్ ఆయిలా, సింథటిక్ ఆయిలా?

సింథటిక్ ఆయిల్ పాత సీళ్ళను తినేస్తుందన్న మాట నేటి ఆయిళ్ళకు అంతగా వర్తించదు. అసలు చిక్కు మరొకటి. ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డిని శుభ్రం చేసే గుణం ఎక్కువగా ఉన్న ఆయిల్ పోస్తే, ఆ మడ్డి ఊడివచ్చి సంపులోని (ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోని) జల్లెడకు అడ్డుపడవచ్చు, అంతవరకు మడ్డే మూసి ఉంచిన లీకు బయటపడవచ్చు. చరిత్ర తెలియని ఇంజనుకు ముందు మంచి మినరల్ (ముడి చమురును శుద్ధి చేసి తీసిన) ఆయిల్ పోసి, వెయ్యి కిలోమీటర్లలోపే ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మార్చి, బయటికి వచ్చినదాన్ని చూసి తర్వాతి నిర్ణయం తీసుకోవడం ఉత్తమం. ఏడాదికి కొద్ది దూరమే తిరిగే కారుకు మినరల్ ఆయిలే చాలు.

5. పోసిన తర్వాత పరీక్షించండి

అరగంట నడిపి, ఇంజను బాగా వేడెక్కిన తర్వాత ఆయిల్ ఒత్తిడిని చూడండి. మీ కారులో ముల్లు ఉన్న మీటరు లేకుండా ఎర్ర దీపం మాత్రమే ఉంటే, మెకానిక్ దగ్గర మీటరు బిగించి కొలిపించండి. ప్రతి వెయ్యి ఆర్‌పీఎమ్‌కు సుమారు 10 పీఎస్‌ఐ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) ఉండాలన్నది వాడుకలో ఉన్న అంచనా. మీ పుస్తకంలో అంకె ఉంటే దాన్నే పాటించండి.

ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్‌ను వాసన కూడా చూడాలి. పెట్రోలు వాసన వస్తున్నా, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా, ఇంజనుకు బిగించిన మెకానికల్ పెట్రోలు పంపులో రబ్బరు పొర చిరిగిందేమో అనుమానించాలి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుకు పాత రబ్బరు తట్టుకోవడం కష్టం. పెట్రోలు కలిసిన ఆయిల్ ఎంత మంచి గ్రేడుదైనా పలచబడిపోతుంది కనుక, ముందు పంపును బాగు చేయించి, తర్వాతే కొత్త ఆయిల్ పోయించండి.

సముద్రపు తేమ ఉన్న ఊరిలో కదలకుండా నిలిచిన కారుకూ ఆయిల్ పాతబడుతుంది. కాబట్టి కిలోమీటర్లు ఎంత తక్కువైనా ఏడాదికి ఒకసారి, వీలైతే ఈశాన్య రుతుపవనాల వానలు ముగిసిన తర్వాత, మార్పించండి. సీలు చెక్కుచెదరని డబ్బానే తీసుకుని, తయారీ తేదీ చూసి, బిల్లు అడగండి. తీసిన పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా, దాన్ని సేకరించే షెడ్డుకు మూత బిగించిన డబ్బాలో ఇవ్వండి.