కాగితం నమూనాల తయారీ – 3వ పాఠం: మడతకు ముందు గీటు

గత పాఠంలో కాగితం పోగు ఏ దిశలో ఉందో కనిపెట్టడం చూశాం. ఈసారి గీటు, అంటే మడత గీత వెంట మొనతో నొక్కి సన్నని గాడి పెట్టడం. మడత శుభ్రంగా రావడం, రాకపోవడం ఇక్కడే తేలిపోతుంది.

గీటు పెట్టకుండా మడిస్తే కాగితం తనకు తేలికైన చోట వంగుతుంది, మీ గీత దగ్గర కాదు. గీటు ఆ గీత వెంట పోగుల్ని నలిపి, వంగే దారి చూపిస్తుంది. పోగులు నలగాలే కానీ తెగకూడదు. అందుకే 160 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) కాగితానికి బ్లేడు వద్దు, సిరా అయిపోయిన బాల్ పెన్ను చాలు. కింద గాజు ఉంటే గాడి పడదు. నాలుగైదు మామూలు కాగితాలు పరవండి. ఒక్కసారే గట్టిగా నొక్కకుండా రెండుసార్లు తేలిగ్గా గీయండి.

పెన్ను మొనకు మందం ఉంటుంది కాబట్టి స్కేలును గీత మీదే పెడితే గాడి పక్కకు పడుతుంది. స్కేలు కాస్త వెనక్కి జరిపి, మొన సరిగ్గా గీత మీద ఆనేలా చూసుకోండి. అర మిల్లీమీటరు అటో ఇటో అయినా పెట్టె మూలలు కలవవు.

ముద్రించిన వైపు గీటు పెట్టి, గాడి బయటికి ఉండేలా వెనక్కి మడవండి. ఇది కొండ మడత. ముద్రించిన వైపు లోపలికి వచ్చేలా మడిచే లోయ మడతకు గీత రెండు చివర్లా సూదితో గుచ్చి, కాగితం తిప్పి, ఆ రంధ్రాలను కలుపుతూ వెనక నుంచి గీయాలి.

గీట్లన్నీ అయ్యాకే కత్తిరించండి. ముందే కత్తిరిస్తే జిగురు రాసే చిన్న రెక్కల మీద స్కేలు నిలవదు. పైగా షీటులోనే ఉంటే గీటును అంచు దాటించి రెండు మిల్లీమీటర్లు పోనివ్వవచ్చు. అంచుకు ముందే ఆపితే చివర్లో మడత ముడత పడుతుంది. కత్తిరించేటప్పుడు లోపల తీసేయాల్సిన భాగాలు ముందు, బయటి అంచు తర్వాత.

అతికించే ముందు అన్ని మడతలూ ఒకసారి పూర్తిగా వంచి వదలండి. తెల్ల జిగురును టూత్‌పిక్‌తో రెక్క మీద పల్చగా రాసి అర నిమిషం పట్టుకోండి. ఎక్కువైతే అందులోని నీటికి కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, దాన్ని తర్వాత సరిచేయలేం. చివరి ముఖానికి లోపల వేలు పెట్టే వీలుండదు. కాబట్టి నమూనా నిలబడినప్పుడు కిందికి వెళ్లే ముఖాన్నే ఆఖరుకు ఉంచండి.

అభ్యాసానికి 4 సెంటీమీటర్ల ఘనం ఒకటి చేయండి. మూల దగ్గర సందు కనిపిస్తే జిగురుతో పూడ్చకండి. దాన్ని విప్పి, ఏ గాడి గీత నుంచి తప్పిందో స్కేలు పెట్టి కొలవండి. వచ్చే పాఠంలో గొట్టం చుట్టడం.