సొర చేపల మధ్య స్నార్కెలింగ్ ఎలా చేయాలి? మొదటి పాఠం మన స్నానాల గదిలోనే

మా అమ్మది కొత్తపట్నం దగ్గర పల్లె. సొర చేప అంటే ఆమెకు ముందు గుర్తొచ్చేది పుట్టు. నేనూ మా చెల్లెలూ బాలింతలుగా ఉన్నప్పుడు పాలసొర తెప్పించి, ఉడకబెట్టి, తోలు ఒలిచి, అల్లం వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయించి పెట్టింది. పాలు పడతాయని మన తీరంలో అందరూ చేసే పనే అది. ఈత రాని ఆ మనిషి 58 ఏళ్ల వయసులో, 2015 వేసవి సెలవుల్లో, ఫ్లోరిడాలోని ఒక వాటర్ పార్కులో బతికున్న సొరల మీదుగా తేలుతూ ఆ ఒడ్డుకు చేరింది. పక్కన నా తొమ్మిదేళ్ల కొడుకు ఉన్నాడు.

ఆ తర్వాత మా వీధిలో, చుట్టాల్లో ఎవరు పిల్లల దగ్గరికి అమెరికాకో దుబాయ్‌కో బయలుదేరినా, "మేమూ చేయగలమా?" అని అడుగుతూనే ఉన్నారు. చేయగలరు. స్నార్కెలింగ్ అంటే ముఖానికి మాస్కు, నోట్లో ఊపిరి గొట్టం పెట్టుకుని, నీళ్ల మీద బోర్లా తేలుతూ కిందికి చూడటమే. కానీ అందరి భయం సొర మీదే ఉంటుంది. నిజానికి భయపడాల్సింది సొర గురించి కాదు, ఊపిరి గురించి. గొట్టంలోంచి నోటితో నిదానంగా ఊపిరి తీయడం అలవాటైతే మిగతాదంతా దానంతటదే వస్తుంది. ఆ అలవాటు ఇక్కడే, నెల్లూరులోనే చేసుకోవచ్చు.

ముందు ఎక్కడికి వెళ్తున్నారో తెలుసుకోండి

మేము వెళ్లింది ఓర్లాండో దగ్గర డిస్నీ వాళ్ల టైఫూన్ లగూన్. 1989లో తెరిచిన పార్కు అది. అందులో షార్క్ రీఫ్ అని ఉప్పునీటి కొలను ఒకటి ఉండేది. మాస్కు, గొట్టం వాళ్లే ఇచ్చేవాళ్లు. ముందు షవర్ కింద తడవాలి, తర్వాత ఒడ్డున వరసగా నిలబెట్టి ఎలా ఈదాలో చెప్పేవాళ్లు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఒక్కసారి దాటాలి. నీళ్లలోకి దిగలేని వాళ్లకు మధ్యలో తలకిందులుగా మునిగినట్టు కట్టిన ఓడ ఉండేది, దాని అద్దాల్లోంచి చూడొచ్చు. మా నాన్న అక్కడే నిలబడి అమ్మకు చెయ్యి ఊపాడు. 2016 అక్టోబరులో ఆ కొలనును మూసేశారు, కాబట్టి పాత వీడియోలు చూసి టికెట్లు కొనకండి.

ఇప్పుడైతే ఓర్లాండోలోనే డిస్కవరీ కోవ్ అనే పార్కు ఉంది. 2000లో మొదలైంది. చేపల మధ్య, తిరగలి రాయిలా వెడల్పుగా ఉండే టేకు చేపల మధ్య అక్కడ ఈదొచ్చు. మాస్కు, వెట్‌సూట్ (నీళ్లలో చలి ఆపే బిగుతు దుస్తులు) లాంటివి వాళ్లే ఇస్తారు. దుబాయ్‌లో అట్లాంటిస్ హోటల్ వాళ్ల అక్వేరియం కొలనులోనూ స్నార్కెలింగ్ ఉంది. వయసు, ఎత్తు నియమాలు, ధరలు మారుతుంటాయి. బుక్ చేసే రోజున వాళ్ల సైట్‌లోనే చూసుకోండి. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడగండి: సొరలు మనతో పాటు అదే నీళ్లలో ఉంటాయా, అద్దానికి అవతల ఉంటాయా? రెండూ "సొరలతో స్నార్కెలింగ్" అనే పేరుతోనే అమ్ముతారు. చిన్న పిల్లలున్న ఇంటికి నా సలహా, మొదటిసారికి అద్దం ఉన్నదే మంచిది.

దూరం వెళ్లకముందే పిల్లలకు సొరను దగ్గరగా చూపించాలంటే చెన్నై ఈసీఆర్ రోడ్డు మీదున్న వీజీపీ మెరైన్ కింగ్‌డమ్‌కు తీసుకెళ్లండి. పొద్దున బయలుదేరితే రాత్రికి నెల్లూరు వచ్చేయొచ్చు. అద్దాల సొరంగంలో తల మీదుగా చేపలు పోతుంటే చూసిన పిల్లవాడికి సగం టెన్షన్ అక్కడే పోతుంది.

మైపాడులో ప్రాక్టీసు వద్దు

ఈ మాట గట్టిగా చెప్పాలి. మాస్కు కొనగానే పిల్లలు "మైపాడు పోదాం" అంటారు, ఒంగోలు వైపు వాళ్లయితే కొత్తపట్నం అంటారు. మన తీరంలో పగడపు దిబ్బలు లేవు. పెన్న తెచ్చే ఒండ్రు, అలలు లేపే ఇసుక కలిసి నీళ్లు బురదగా ఉంటాయి. తల ముంచితే మన చెయ్యే మనకు కనిపించదు. అంతకంటే ముఖ్యం, ఒడ్డున అల వెనక్కి లాగే లాగుడు. ప్రతి వేసవిలో, ప్రతి కార్తీక మాసంలో మనం చదివే వార్తలు చాలు. కాలవలు, చెరువులు, బావులు కూడా వద్దు. అడుగు కనిపించే, కాళ్లు ఆనే, చూసే మనిషి ఉన్న స్విమ్మింగ్ పూల్ మాత్రమే పనికొస్తుంది.

సామాను ఎంచుకోవడం

పార్కుల్లో మాస్కు ఇస్తారు కదా, కొనడం ఎందుకని అడుగుతారు. ప్రాక్టీసు కోసం. ముఖానికి సరిపోయే మాస్కును మనతో తీసుకెళ్తే అక్కడా అదే వాడనిస్తారేమో అడగొచ్చు.

ఈత కళ్లద్దాలు దీనికి పనికిరావు, ముక్కును కూడా మూసే మాస్కే కావాలి. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసేసినా ముఖానికి అంటుకుని ఉంటే అది మీ మాస్కు. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు పెడితే బుగ్గల పక్క నుంచి నీళ్లు కారతాయి. మీసం ఉన్నవాళ్లకు పెదవి పైన కారుతుంది, అక్కడ కొంచెం వేజలైన్ రాసుకోవాలి. కళ్లజోడు మీద మాస్కు పెట్టడం కుదరదు. చూపు బాగా తక్కువైతే పవర్ ఉన్న మాస్కు దొరుకుతుంది.

ముఖమంతా కప్పే మాస్కులు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. చూడ్డానికి సుఖంగా ఉంటాయి కానీ కొత్తవాళ్లకు నేను చెప్పను. కంగారులో నోట్లోంచి గొట్టం ఉమ్మేసినంత సులువుగా దాన్ని తీసేయలేం.

కొత్త మాస్కు అద్దం మీద సన్నని పొర ఉంటుంది, అందుకే మంచు పట్టినట్టు మసకేస్తుంది. తెల్ల టూత్‌పేస్టు వేలితో రుద్ది, రెండు మూడు సార్లు కడగండి. తర్వాత ప్రతిసారీ నీళ్లలోకి దిగేముందు లోపలి వైపు ఒక చుక్క పిల్లల షాంపూ రాసి, కళ్లు మండకుండా తొలిపితే సరిపోతుంది. ఈతగాళ్లు ఉమ్మే రాస్తారు, అది కూడా బాగా పనిచేస్తుంది.

ఇంట్లో వారం రోజులు

మొదటి రెండు రోజులు నీళ్లు అక్కర్లేదు. మాస్కు పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, టీవీ ముందు కూర్చోండి. పది నిమిషాలు నోటితోనే ఊపిరి. మనం పుట్టిన దగ్గర నుంచి ముక్కుతో పీల్చే వాళ్లం, ఒంటికి ఈ మార్పు నచ్చదు. అమ్మ మొదటి రోజు రెండు నిమిషాలకే తీసేసింది. నాలుగో రోజుకు గొట్టం నోట్లో ఉండగానే చిక్కుడుకాయలు ఒలిచింది.

మూడో రోజు నుంచి గంగాళమో పెద్ద టబ్బో నింపి, పీట మీద కూర్చుని ముఖం ముంచండి. ఇక్కడ నేర్చుకోవాల్సింది ఒకటే: నిదానంగా, లోతుగా పీల్చి, అంతకంటే నిదానంగా వదలడం. చిన్న చిన్న ఊపిర్లు తీస్తే, వదిలిన గాలి గొట్టంలోనే మిగిలి, మళ్లీ అదే లోపలికి వస్తుంది. అప్పుడు ఆయాసం, ఆ ఆయాసంతో ఇంకా గబగబా ఊపిరి. నీళ్లలో మనుషులు కంగారు పడేది చాలాసార్లు ఇలాగే.

తర్వాత గొట్టంలోకి కావాలనే కొన్ని నీళ్లు పోయించుకోండి. అమ్మకు నేను ఒక్క మాట చెప్పాను: "పొయ్యి ఊదుగొట్టం అనుకో." కట్టెల పొయ్యి రాజేసిన వాళ్లకు ఇంకేం నేర్పక్కర్లేదు. ఒక్క ఊదుడుకు నీళ్లు పైనుంచి ఎగిరిపడ్డాయి. ఊదాక మొదటి ఊపిరి మాత్రం జాగ్రత్తగా, కొంచెం కొంచెంగా తీయాలి, అడుగున ఇంకా చుక్క మిగిలి ఉండొచ్చు. మాస్కులోకి నీళ్లొస్తే పై అంచును నుదుటికి నొక్కి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో గాలి వదిలితే కింద నుంచి నీళ్లు పోతాయి.

ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగపడతారో అని పిల్లలు పందెం కడతారు. దాన్ని అక్కడికక్కడే ఆపండి. గబగబా పీల్చి ఊపిరి బిగపట్టి మునిగితే, ఏ హెచ్చరికా లేకుండా నీళ్లలోనే స్పృహ తప్పవచ్చు.

వారం చివర్లో పూల్. నడుము లోతులో నిలబడి, తల ముంచి, గట్టు పట్టుకుని తేలండి. తర్వాత లైఫ్ జాకెట్‌తో చెయ్యి వదలండి. వెనకటికి బావుల్లో బెండ్లు కట్టి ఈత నేర్పేవాళ్లు, జాకెట్ కూడా అలాంటిదే, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఉప్పునీళ్లు మంచినీళ్లకంటే బరువు, కాబట్టి పూల్‌లో తేలిన మనిషి ఉప్పునీళ్లలో ఇంకా తేలిగ్గా తేలతాడు.

ఎవరు దిగకూడదు

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు, చెవి కారేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు. గొట్టంలోంచి పీల్చడం గుండెకూ ఊపిరితిత్తులకూ అదనపు పని. పెద్దవాళ్లను విమానం దిగిన మర్నాడే తీసుకెళ్లకండి, మూడు నాలుగు రోజులు విశ్రాంతి ఇవ్వండి. నీళ్లలో కారణం లేకుండా ఆయాసం వచ్చినా, ఒళ్లు నీరసించినా "ఇంకొంచెం దూరమే కదా" అనుకోవద్దు. తల పైకెత్తి, గొట్టం తీసేసి, వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపి పిలవాలి.

వెళ్లే రోజు

ఒంటి మీద మెరిసేవి ఏవీ ఉండకూడదు. మన ఆడవాళ్లకు ఇది కష్టమైన మాట, నాకు తెలుసు. గొలుసు, పట్టీలు, మెరిసే గాజులు నీళ్లలో చేప పొలుసులా తళుక్కుమంటాయి, సొరలాంటి వేటాడే చేపల కన్ను అటు పడుతుంది. పైగా చల్లని నీళ్లలో వేళ్లు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. అమ్మ పుస్తెలు తీయనంది. పసుపుతాడుకు మార్చుకుని, పుస్తెలు దాచి, తాడును బిగుతు చొక్కా లోపలికి తోసుకుంది. మీ ఇంటి పద్ధతి మీరు చూసుకోండి, కానీ ముందురోజే తేల్చుకోండి. లాకర్ల దగ్గర నిలబడి వాదించుకోవడం బాగుండదు.

తలకు ఆ రోజు కొబ్బరినూనె వద్దు. పట్టీ జారుతుంది, నీళ్ల మీద నూనె తేలుతుంది. జడ బిగించి అల్లి, మాస్కు అంచు కింద ఒక్క వెంట్రుక కూడా లేకుండా చూసుకోవాలి. మా వాడి మాస్కు కారింది సరిగ్గా ఆ ఒక్క వెంట్రుక పాయ వల్లే. నుదుటికి సన్‌స్క్రీన్ రాస్తే కరిగి కళ్లలోకి దిగుతుంది, ముఖానికి తక్కువ రాసి, ఒంటికి పొడుగు చేతుల ఈత చొక్కా వేయండి. కొన్ని సన్‌స్క్రీన్ రసాయనాలు పగడాలకు హాని చేస్తాయనే హవాయిలో 2021 నుంచి ఆక్సిబెంజోన్ ఉన్నవాటి అమ్మకం ఆపేశారు. జీవాలున్న కొలనులోకి దిగేముందు షవర్ చేయమనేది కూడా ఇందుకే. మొక్కుబడిగా తడవకుండా శుభ్రంగా కడుక్కోండి.

నీళ్లలో

మొదట తగిలేది చలి. షార్క్ రీఫ్ నీళ్లు సుమారు 20 డిగ్రీలు ఉండేవి. మే నెల నెల్లూరు ఎండ తిన్న ఒంటికి అది వణుకే. చలి తగలగానే ఊపిరి దానంతటదే ఎగపోస్తుంది. కాబట్టి దూకకండి. మోకాళ్లు, నడుము, భుజాలు, ఇలా ఒక్కొక్కటిగా తడిపి, ముఖం ముంచి, గట్టు పట్టుకుని పది ఊపిర్లు లెక్కపెట్టండి. పదో ఊపిరి మామూలుగా ఉంటేనే చెయ్యి వదలండి.

నీళ్లలో మాస్కులోంచి చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దగా, నాలుగో వంతు దగ్గరగా కనిపిస్తుంది. మూడడుగుల సొర నాలుగడుగులుగా, నాలుగడుగుల దూరంలో ఉన్నది మూడడుగుల్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి. గ్లాసులో చెంచా వేసి పక్క నుంచి చూపిస్తే చాలు. మేము చూసినవి బానెట్‌హెడ్ సొరలు, చిరుత మచ్చల లెపర్డ్ సొరలు. బానెట్‌హెడ్ తల పారలా వెడల్పుగా ఉంటుంది, పీతలు, రొయ్యలు తింటుంది. అది సముద్రపు గడ్డిని కూడా తిని అరిగించుకుంటుందని 2018లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ వార్త వచ్చినప్పుడు, గడ్డి తినే సొర అని వినగానే మా వాడి ముఖం విప్పారింది.

కాళ్లతో నీళ్లు టపటపా కొట్టొద్దు, చేతులు ముందుకు చాచొద్దు. చేతులు ఛాతీ మీద పెట్టుకుని, తుంటి దగ్గర నుంచి కాళ్లు మెల్లగా కదిలిస్తే చాలు. చేప దానంతటది దగ్గరికొచ్చినా ముట్టుకోకండి. దాని ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, మన వేలు తగిలి అది చెదిరితే జబ్బు పడొచ్చు. ఇద్దరిద్దరుగా వెళ్లండి, పిల్లవాడి వెనక కాదు, పక్కనే. పిడికిలి నెత్తి మీద పెడితే "బాగున్నాను", చెయ్యి ఊపితే "రండి" అని ఇంట్లోనే అనుకోండి, ఎందుకంటే నోట్లో గొట్టం ఉంటే మాట రాదు.

అమ్మ సగం దూరంలో ఆగింది. నేను కంగారుపడి దగ్గరికి వెళ్తే పిడికిలి నెత్తి మీద పెట్టింది. కింద ఇసుక మీద ఒక లెపర్డ్ సొర కదలకుండా పడుకుని ఉంది. దాన్ని చూడ్డానికి ఆగిందంతే.

బయటికి వచ్చాక

వెంటనే తువ్వాలు చుట్టి, వేడిగా ఏదైనా తాగించండి. పెదవులు నీలంగా ఉన్న పిల్లవాణ్ణి మళ్లీ దింపొద్దు. మంచినీళ్లతో స్నానం చేయించి, తల పక్కకు వంచి చెవులు తుడవండి, పుల్లలు పెట్టొద్దు. మాస్కు, గొట్టం మంచినీళ్లలో నానబెట్టి కడిగి నీడలో ఆరేయండి. మన ఎండలో ఆరేస్తే సిలికాన్ పాడవుతుంది. అలా చూసుకుంటే ఏళ్ల తరబడి వస్తాయి. అమ్మ మాస్కు ఇప్పటికీ ఉంది. ఈ వేసవిలో పక్కింటి వాళ్లు అడిగితే ఇచ్చాను, వాళ్ల గంగాళంలో ప్రాక్టీసు నడుస్తోంది.