సరిహద్దు జిల్లాల్లో ఇంటి కథను రచనగా మలచడం ఎలా

కుటుంబమూ వారసత్వమూ రచయితకు ప్రేరణ అని చెప్పడం తేలిక. ఆ మాట నమ్మి కలం పట్టినవారిలో చాలామంది వంశ ప్రశస్తితో మొదలుపెట్టి రెండు పుటలు దాటకముందే ఆగిపోతారు. ప్రశస్తిలో తేల్చవలసిన సందేహం ఏదీ ఉండదు కనుక మూడో పుటలో చెప్పడానికి ఏమీ మిగలదు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగువారికి ఈ విషయంలో ఒక మేలు ఉంది. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఇద్దరు పెద్దలు ఒకే తీరుగా చెప్పని సంగతో, ఎవరూ నోరు విప్పకుండా దాటవేసే సంగతో ఒకటి తరచుగా ఉంటుంది. రచన అక్కడే మొదలుపెట్టాలని నా సలహా.

మొదట ఒక ప్రశ్న

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం జిల్లాలో అధిక భాగం, జయపురం జమీందారీ, పర్లాకిమిడి పట్టణంతో సహా ఆ జమీందారీలో కొంత భాగం కొత్త రాష్ట్రంలో చేరాయి. ఇచ్ఛాపురం, టెక్కలి, పాతపట్నం మద్రాసులోనే ఉండిపోయాయి. అన్నదమ్ముల వాటాలు, ఆడపడుచుల అత్తవారిళ్లు, పొలాలు, అప్పులు అటూ ఇటూ చీలిపోయాయి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట ఉంచుకొని సవర భాష నేర్చుకొన్న గిడుగు వేంకట రామమూర్తి గారు, ఆ పట్టణం ఒడిశాలో చేరడాన్ని ఒప్పుకోలేక 1936లో రాజమహేంద్రవరం తరలిపోయారు. ఆయన నిర్ణయం పుస్తకాల్లోకి ఎక్కింది. ఉండిపోయినవారు ఎందుకు ఉండిపోయారన్నది మాత్రం ఇళ్లలోనే ఉంది, ఆ తరం వారితో పాటు వెళ్లిపోతోంది.

కాబట్టి కాగితం మీద ముందుగా రాయవలసింది ఒక ప్రశ్న. మా తాత తన చదువును ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలో ముగించాడు? మా శాఖ ఇక్కడ ఉండగా పినతాత కుటుంబం ఏ సంవత్సరంలో, ఏ కారణం వల్ల శ్రీకాకుళం వైపు వెళ్లింది? రంగూన్ నుండి తిరిగి వచ్చిన ముత్తాత ఆ డబ్బుతో ఏం చేశాడు? ఇటువంటి ప్రశ్న ఒక్కటి చాలు. మూడు ప్రశ్నలు ఒకేసారి పట్టుకొంటే ఏదీ తెగదు. బరంపురంలో 1894లో పుట్టిన వి.వి.గిరి గారు రాష్ట్రపతి అయ్యారన్న మాట మన సభల్లో తరచుగా వినిపిస్తుంది. అది గర్వించదగిన సంగతే గాని, ఆయన మీ బంధువైతే తప్ప మీ ఇంటి కథకు దానితో పని లేదు.

పెద్దల దగ్గర కూర్చోవడం

"మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే పెద్దలు సభలో మాట్లాడినట్లు మాట్లాడతారు. ఒక వస్తువునో, ఒక దారినో, ఒక పనినో పట్టుకొని అడగాలి. "మామ్మా, నీ పెళ్లికి మగపెళ్లివారు ఏ రైలు దిగి వచ్చేరు?" అంటే జవాబు వేరుగా వస్తుంది. నౌపడా నుండి పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు నడవడం మొదలైంది, తరువాత దానిని గుణుపురం దాకా పొడిగించారు. ఆ రైలులో మోసుకువెళ్లిన సామాను, అందులో ఎక్కిన మనుషులు, దిగిన తరువాత పట్టుకొన్న ఎడ్లబండి ఒకదాని వెంట ఒకటి జ్ఞాపకానికి వస్తాయి. నేత కుటుంబమైతే మగ్గం భాగాల పేర్లు అడగండి, వర్తక కుటుంబమైతే సంతల వారాలు అడగండి. పనికి సంబంధించిన మాటలు మరిచిపోయాక ఆ పని గురించి నమ్మకంగా రాయడం ఎవరికీ సాధ్యం కాదు.

వారు చూసినదానిని, విన్నదానిని విడివిడిగా రాసుకోవడం అన్నిటికంటే ముఖ్యం. గోపాల్‌పూర్, బారువ, కళింగపట్నం రేవుల నుండి బర్మాకు వెళ్లినవారు ఈ తీరంలో ఎందరో ఉన్నారు. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను బాంబులు పడిన తరువాత, 1942లో అడవుల వెంట నడిచి వచ్చినవారి కథలు అనేక ఇళ్లలో చెప్పుకొంటారు. నేడు ఆ కథ చెప్పే మనిషి అప్పటికి పసిబిడ్డ అయి ఉండవచ్చు, పుట్టి ఉండకపోవచ్చు కూడా. ఆయన చెప్పినది అబద్ధమని కాదు. ఎవరి నోట విన్నారో, చెప్పినవారు ఆ మాట ఎప్పుడు, ఏ కోపంలో చెప్పారో అడిగి పక్కన రాసుకొంటే, ఆ వివరమే తరువాత కథలో ఒక పాత్ర అవుతుంది. ఫోనులో రికార్డు చేసేముందు అనుమతి అడగాలి. మాటల మధ్య ఒడియా వచ్చినా, ఉత్తరాంధ్ర యాస వచ్చినా దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఎత్తిరాయాలి. రెండు మూడు క్షణాల మౌనం వస్తే దానిని మీ మాటతో నింపవద్దు, అసలు సంగతి తరచుగా ఆ మౌనం తరువాతే వస్తుంది.

పెట్టెలోని కాగితాలకు తేదీ వేయడం

ఈ పని కష్టమైనది గనుక కొంత వివరంగా చెబుతాను. సరిహద్దు ఇంటి పెట్టెలో జాతకచక్రాలు, శుభలేఖలు, చదివింపుల పద్దులు, తాకట్టు చీటీలు, శిస్తు రసీదులు, కొన్నిచోట్ల తాటాకులు ఉంటాయి. వాటిలో కాలాన్ని లెక్కించే పద్ధతులు ఒకదానితో ఒకటి కలవవు.

జాతకంలో ధాత నామ సంవత్సరం అని ఉంటే అది 1936–37 కావచ్చు, అరవై ఏళ్ల వెనుకటి 1876–77 కావచ్చు, 1996–97 కూడా కావచ్చు. తిథితో పాటు వారం రాసి ఉంటే పాత పంచాంగంతో సరిచూసి వీటిలో ఒకదానిని నిర్ణయించవచ్చు. మద్రాసు కాలపు శిస్తు కాగితాల్లో ఫసలీ అనే శిస్తు సంవత్సరం ఉంటుంది. ఆ సంఖ్యకు 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. జూలై 1న మొదలయ్యే లెక్క ప్రకారం 1346 ఫసలీ అంటే 1936 జూలై నుండి 1937 జూన్ వరకు. రాజుల పేరు మీద ఉన్న ఒడియా పత్రాల్లో రాజు ఏలుబడి సంవత్సరాలను లెక్కించే అంకం కనిపిస్తుంది, తెలుగువారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అంకంలో 1 ఉండదు, ఆరుతో ముగిసే సంఖ్యలు ఉండవు, పది తప్ప సున్నాతో ముగిసేవీ ఉండవు. అందువల్ల ఒక రాజు 12వ అంకం అతని ఏలుబడిలో పదో సంవత్సరం అవుతుంది. కొత్త అంకం భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా పండుగతో మొదలవుతుంది.

నెలల విషయంలోనూ జాగ్రత్త అవసరం. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంచాంగమైన పంజికలోని చాంద్రమాసం పూర్ణిమతో ముగుస్తుంది. కృష్ణాష్టమి మనకు శ్రావణ బహుళంలో వస్తే వారికి భాద్రవ కృష్ణపక్షంలో వస్తుంది. పురోహితుడు ఒడియావాడైన ఇంట్లో తద్దినం తిథిని బట్టి మరణ తేదీ కట్టేటప్పుడు ఈ తేడాను చూసుకోకపోతే నెల తప్పుతుంది.

ఇంటి కాగితాలు చాలనప్పుడు, 1936కు ముందరి గంజాం రెవెన్యూ వ్యవహారాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు రాష్ట్ర పత్రాగారాన్ని (ఆర్కైవ్స్), ఆ తరువాతి వాటి కోసం భువనేశ్వర్‌లోని ఒడిశా రాష్ట్ర పత్రాగారాన్ని ఆశ్రయించవచ్చు. 1882లో మాల్ట్‌బీ సంకలనం చేసిన గంజాం జిల్లా మాన్యువల్ ఆనాటి ఊళ్లు, జమీలు, పంటలు, శిస్తుల గురించి చెబుతుంది. మీ ఇంటిపేరు అందులో దొరకదు గాని, మీ పెద్దలు ఏ లోకంలో బతికారో తెలుస్తుంది.

ఆడవారి దారి వెంట వెళ్లడం

వంశవృక్షం గీసేటప్పుడు తండ్రి, కొడుకు, మనవడు అని నిలువుగా దిగడం మనకు అలవాటు. ఈ జిల్లాల్లో ఆ పద్ధతి కథలో సగాన్ని చూడనివ్వదు, ఎందుకంటే రాష్ట్రాలు విడిపోయిన తరువాత కూడా ఎల్లను దాటుతూ వచ్చినవారు ముఖ్యంగా పెళ్లికూతుళ్లు. సోంపేట అమ్మాయి బరంపురానికి, పర్లాకిమిడి అమ్మాయి పాతపట్నానికి కోడలుగా వెళ్లింది. ఆమె వెంట వంటలు, వ్రతాలు, లాలిపాటలు, తిట్లు కూడా వెళ్లాయి. ఇంటిపేరు మారినందువల్ల ఆమె పుట్టింటి చరిత్ర మగవారి పట్టికలో కనిపించదు. ప్రతి స్త్రీ పేరు పక్కన పుట్టిన ఊరు, పెళ్లైన సంవత్సరం, చివరిసారి పుట్టింటికి వెళ్లిన సందర్భం రాయండి. బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో, పట్టు నేసే డేరా కులస్థుల పెద్ద అయిన దేశి బెహరాను అమ్మవారికి తండ్రిగా భావించి, ఆమెను ఆయన వీధికి పుట్టింటికి వచ్చినట్లుగా తీసుకువస్తారు. ఊరంతా నెలకు దగ్గరగా పండుగ చేసుకొనే ఆ పుట్టింటి రాక, మీ అమ్మమ్మకు ఎన్నిసార్లు దక్కిందో అడిగి చూడండి.

గర్వపడలేని భాగం

వారసత్వమంటే మంచి ఒక్కటే కాదని అందరూ ఒప్పుకొంటారు, రాసేటప్పుడు మాత్రం వెనకాడతారు. కొండ ప్రాంతాలకు తెలుగు కుటుంబాలు వర్తకులుగా, సారా కాంట్రాక్టర్లుగా, వడ్డీ వ్యాపారులుగా, గుమాస్తాలుగా కూడా వెళ్లాయి. సవర, కోంధు, పరజల భూములు అప్పు కింద చేతులు మారాయి. కోరాపుట్ వైపు అప్పు తీరేదాకా మనిషినే పనికి ఉంచుకొనే గోతి పద్ధతి ఉండేది. ఏజెన్సీలో గిరిజనుల భూమి అనుమతి లేకుండా ఇతరులకు పోకూడదని మద్రాసు ప్రభుత్వం 1917లోనే చట్టం చేయవలసి వచ్చింది, ఒడిశా 1956లో మరొక రెగ్యులేషన్ తెచ్చింది. మీ ఇంటి దస్తావేజులో కొండ గ్రామపు భూమి ఉంటే, ఆ కాగితాన్ని ఈ సంవత్సరాల పక్కన పెట్టి చదవండి.

దీనిని దాచి రాసిన కుటుంబ కథ ఎంత చక్కని భాషలో ఉన్నా నాకు బోలుగా అనిపిస్తుంది. అలాగని పూర్వికులను బోనులో నిలబెట్టనవసరమూ లేదు. ఆ తాకట్టు చీటీ రాసిన రోజు ఆ గదిలో ఎవరెవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు, వేలిముద్ర వేసినవాడు ఏ భాషలో మాట్లాడాడు, చీటీ ఏ భాషలో ఉంది అన్నవి జాగ్రత్తగా రాస్తే చాలు. రచయితగా నా పని ఏమిటన్న ప్రశ్నకు జవాబు వంశ కీర్తిలో కంటే ఇటువంటి గదిలోనే స్పష్టంగా దొరుకుతుంది. జీవించి ఉన్నవారికి సంబంధించిన రెండో పెళ్లిళ్లు, కోర్టు వ్యాజ్యాలు, కులాంతర ప్రేమల విషయంలో వారి అంగీకారం తీసుకోవాలి, లేదా పేరు, ఊరు, వృత్తి మార్చి కథగా రాయాలి. పేరు ఒక్కటే మారిస్తే బంధువులు వెంటనే గుర్తుపడతారు.

రాయడం, ఎవరి కోసం

సేకరణకు అంతు ఉండదు కాబట్టి, ప్రశ్నకు సగం జవాబు దొరకగానే రాయడం మొదలుపెట్టండి. మూడు తరాల కథ చెప్పాలన్న ఆశను పక్కన పెట్టి ఒకే ఒక రోజును ఎంచుకోవాలి: పెట్టె సర్దుకొన్న రోజు, బడి మారిన రోజు, వాటాలు పంచుకొన్న రోజు. తెలిసినదానితో వ్యాసమో, తెలియనిచోట ఊహించి కథో రాయవచ్చు. రెంటినీ కలిపి, ఊహను వాస్తవంగా చూపడం మాత్రం తగదు. కథనం మామూలు రాత తెలుగులో ఉండి, సంభాషణ ఇంటి తెలుగులో ఉంటే చదవడానికి హాయిగా ఉంటుంది. ఇంట్లో రోజూ వాడే ఒడియా మాటకు పక్కన అర్థం రాయకుండా, సందర్భమే దానిని విప్పేలా వాక్యం కట్టండి.

ఈ జిల్లాల్లో పాఠకుడి సంగతి ప్రత్యేకంగా ఆలోచించాలి. ఇక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లల్లో చాలామంది ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకొంటున్నారు. ఇంట్లో ధారాళంగా తెలుగు మాట్లాడినా తెలుగు లిపి చదవలేరు. మీ కథ ముందుగా ఎవరి ఇంటిదో వారికే అది అందదు. అందువల్ల చెవికి ఎక్కేలా రాయడం ఇక్కడి రచయితకు అవసరమైన పని. రాసిన ప్రతి భాగాన్ని ఇంట్లో బిగ్గరగా చదివి వినిపించాలి. పిల్లలు ఎక్కడ దారి తప్పారో, పెద్దలు ఎక్కడ "అలా కాదు" అన్నారో అంచున గుర్తుపెట్టుకొని తిరగరాయాలి. పెద్దల దిద్దుబాటు అంతా తీసుకోనక్కరలేదు, కొన్నిసార్లు వారు కథను సరిచేస్తున్నామనుకొంటూ పరువును సరిచేస్తారు.

చివరిగా భద్రపరచడం గురించి. ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లా కొండల దాకా వెళ్లి కొట్టింది. ప్రతి కాగితాన్నీ పగటి వెలుగులో ఫోటో తీసి, ఫోటో పేరులో మనిషి, ఊరు, సంవత్సరం తెలుగు, ఒడియా లిపులు రెండింటిలోనూ రాయండి. అలా రాస్తే తెలుగు చదవలేని మనవడు కూడా వెదుక్కోగలుగుతాడు. రికార్డింగుల నకలు ఒకటి చెప్పినవారి ఇంటికి, మరొకటి ఎల్లకు అవతల ఉన్న బంధువుల ఇంటికి ఇవ్వండి. రచన అచ్చైన తరువాత కాదు, మొదటి చిత్తుప్రతి నాడే ఇవ్వండి.