పాలమూరులో ‘డైడో అండ్ ఈనియస్’ ఓపెరా వేయడం ఎలా?

ఊళ్లో జరిగే సంగీతోత్సవంలో విషాదాంత ఓపెరా (కథంతా పాటగా సాగే పాశ్చాత్య నాటకం) వేయాలనుకుంటే ఇటలీ స్వరకర్తలు వెర్ది, పుచ్చినీల జోలికి పోకండి. వాటికి పెద్ద ఆర్కెస్ట్రా కావాలి, మన దగ్గర దొరకని గొంతులు కావాలి. ఇంగ్లండ్ స్వరకర్త హెన్రీ పర్సెల్ రాసిన ‘డైడో అండ్ ఈనియస్’ ఎంచుకోండి. గంటలో అయిపోతుంది. 1689 నాటికే లండన్ దగ్గరి చెల్సీలో ఆడపిల్లల బడిలో ఆడిన ఓపెరా ఇది. ఇద్దరు వయొలినిస్టులు, ఒక కీబోర్డ్ ఉంటే మొదలుపెట్టొచ్చు. వయొలా, చెల్లో భాగాలు కూడా కీబోర్డ్‌కే ఇచ్చేయండి. పర్సెల్ 1695లోనే పోయాడు కాబట్టి కాపీరైట్ టెన్షన్ లేదు, స్కోరు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

గాయకుల కోసం హైదరాబాద్ పరుగెత్తే ముందు మీ ఊరి చర్చి క్వయర్‌ను అడగండి. ఈ ఓపెరాలో బృందగానం చాలా ఎక్కువ. నాలుగు గొంతుల్లో పాడే అలవాటున్నవాళ్లు దొరికేది అక్కడే.

కథ చిన్నదే. ట్రాయ్ నుంచి వచ్చిన ఈనియస్‌ను కార్తేజ్ రాణి డైడో ప్రేమిస్తుంది. మంత్రగత్తెల మోసంతో అతను ప్రయాణం కడతాడు. తర్వాత మనసు మార్చుకుని ఉండిపోతానన్నా ఆమె ఒప్పుకోదు. ఒకసారి వెళ్లాలనుకున్నవాడు ఎందుకని పంపించేసి, ప్రాణం విడుస్తుంది. ప్రతి అంకానికి ముందు సూత్రధారి వచ్చి ఇంతవరకు తెలుగులో చెబితే సరిపోతుంది. పాటను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి.

రిహార్సల్ సమయంలో సగం డైడో చనిపోయే ముందు పాడే పాటకే కేటాయించండి. జనం గుర్తుపెట్టుకునేది అదే. కింద బేస్ స్వరం షడ్జమం నుంచి కాకలి నిషాదం, కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం మీదుగా పంచమానికి ఒక్కో అరమెట్టు దిగుతుంది. అదే వరస పాట పొడుగునా తిరిగి తిరిగి వస్తుంది. కీబోర్డ్ వాయించేవాళ్లు దాన్ని తొందరపెట్టారా, పాట పోయినట్టే. డైడోగా కర్ణాటక సంగీతం నేర్చిన అమ్మాయి దొరికితే రెండు జాగ్రత్తలు: గమకాలు వద్దు, శ్రుతి ఎక్కువైతే కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి మూడు నాలుగు అరమెట్లు దించండి. పాట కాగానే ‘వన్స్ మోర్’ వినిపిస్తుంది. కాటిసీను పద్యాలకు అలవాటుపడ్డ చెవులు మరి! ఆగకండి. వెంటనే బృందగానం అందుకోవాలి, ఓపెరా ముగిసేది దానితోనే.

దుస్తులకు ఖర్చు పెట్టక్కర్లేదు. రాణికి గద్వాల చీర ఒకటి చాలు. మంత్రగత్తెలకు మాత్రం పల్లెటూరి ముసలవ్వ వేషం వేయకండి. బాణామతి పేరుతో ఆడవాళ్లను కొట్టిన ప్రాంతం మనది. రంగు కాగితాల మాస్కులు పెట్టించండి.

ఫంక్షన్ హాల్లో గొంతు మార్మోగి మాట అర్థం కాదు. చలికాలమైతే స్కూల్ గ్రౌండే మేలు. మైకుకు పోలీస్ పర్మిషన్ ముందే తీసుకోండి. ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్ వాడకూడదు కాబట్టి 7:30కే మొదలుపెట్టండి. ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు ఓపెరా అయ్యాకే. ముందు పెట్టారంటే డైడో చనిపోయేలోపు పది దాటుతుంది.