ఫ్రీజర్లో ఏది ఎలా పెట్టాలి, ఏది అసలు పెట్టకూడదు

చాలా ఇళ్ళల్లో ఫ్రీజర్ తెరిస్తే ఐస్ ట్రే, ఐస్‌క్రీమ్ డబ్బా, ఎప్పుడు పెట్టారో ఎవరికీ గుర్తులేని ఒక కవరు ఉంటాయి, అంతే. సరిగ్గా వాడుకోవాలంటే చూసుకోవాల్సినవి రెండే, తడి ఉండకూడదు, ఒక వంటకి ఎంత కావాలో అంతే ఒక్కో ప్యాకెట్ కట్టాలి. పల్చగా పరిచి పెడితే తొందరగా గడ్డకడుతుంది, అదే పెద్ద ముద్దగా పెడితే నెమ్మదిగా గడ్డకట్టి లోపల ఐస్ పలుకులు పెద్దవైపోయి, కరిగాక కూర మెత్తగా నీళ్ళోడుతుంది.

పచ్చి బఠాణీ చలికాలంలో చౌకగా ఉన్నప్పుడే ఒలిచి పెట్టుకోండి. మరిగే నీళ్ళలో రెండు నిమిషాలు వేసి తీసి వెంటనే ఐస్ నీళ్ళలో వేయాలి, ఇది మానేస్తే కొన్నాళ్ళకి రంగూ రుచీ పోతాయి. తర్వాత గుడ్డ మీద ఆరబెట్టి, పళ్ళెంలో పరిచి ఫ్రీజర్లో పెట్టి, గట్టిపడ్డాక జిప్ కవర్లో పోస్తే గింజ గింజ విడిగా ఉంటుంది.

కొబ్బరి తురుముకి ఈ ఉడకబెట్టే పనేం లేదు, కవర్లో పల్చగా అదిమి పెట్టేయడమే. కానీ చట్నీకి చల్లటి కొబ్బరి అలాగే మిక్సీలో వేయకండి, వెన్నలా ముద్దలు కడుతుంది, కాస్త బయట పెట్టి గోరువెచ్చని నీళ్ళు పోసి రుబ్బుకోండి.

గోంగూర పచ్చిది పెట్టేకంటే కొంచెం నూనెలో మగ్గించి, చల్లారాక చిన్న డబ్బాల్లో పెట్టుకుంటే పప్పుకైనా మటన్‌కైనా తీసి వేసేయొచ్చు, నాకైతే ఫ్రీజర్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. అల్లం వెల్లుల్లి ముద్ద ఐస్ ట్రేలో పెట్టొచ్చు గానీ ఆ ట్రే ఇక దానికే అంకితం, ఆ వాసన జన్మలో పోదు.

చికెన్, చేపలు కడిగి నీళ్ళు బాగా వార్చి పెట్టండి, కరిగించేటప్పుడు ముందురోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి మార్చాలి, గట్టు మీద గంటలు గంటలు వదిలేయకూడదు, ఎందుకంటే ఫ్రీజర్ క్రిముల్ని చంపదు, నిద్రపుచ్చుతుంది అంతే.

కీరా, పెరుగు, ఉడికించిన గుడ్లు, బంగాళదుంప కూర పెట్టొద్దు. కీరా చప్పబడి పోతుంది, పెరుగు విరిగినట్టవుతుంది, గుడ్డులో తెల్లసొన రబ్బరే. ఆలూ సంగతి తిన్నవాళ్ళకే తెలుసు.

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి, సింగిల్ డోర్ ఫ్రిజ్‌లు చాలావాటిల్లో అంత చల్లదనం రాదు కాబట్టి అందులో నెలల తరబడి దాచకండి. ప్రతి కవరు మీదా తేదీ రాయండి.

కరెంట్ పోతే తలుపు తీయకండి. ఊరెళ్ళేటప్పుడు మాత్రం గ్లాసులో నీళ్ళు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ళ పెట్టి వెళ్ళండి, వచ్చేసరికి బిళ్ళ అడుగున ఉందంటే అంతా కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టు, అప్పుడు చికెన్, చేపలు ఎంత ఖరీదైనవైనా సరే పారేయండి.